చెవిలో పువ్వు, వెల 499 డాలర్లు

చెవిలో పువ్వు పెట్టడం మన జాతీయం. అమెరికాలో దానికి వెల కూడా కట్టారని చదివి నవ్వుకున్నాను.

2008లో జపాను సంస్థ డెనాన్ ఏకే-డీఎల్1 అనే మీటరున్నర కేబులును 499 డాలర్లకు అమ్మజూపింది. చూపునకది మామూలు నెట్‌వర్క్ తీగే. పైగా సంకేతం ఎటు పారాలో చెప్పే బాణపు గుర్తులు! అందులో పారేవి ఒకట్లూ సున్నలూ. వెల పెరిగినంత మాత్రాన సున్న మరింత గుండ్రనవుతుందా? అమెజాన్‌లో హాస్యప్రియులు దానికి లేని మహిమలంటగట్టి స్తోత్రాల వంటి సమీక్షలు వ్రాశారు.

అంతకు ముందు, 2007లో, జేమ్స్ రాండీ అనే ఐంద్రజాలికుడు ఒక పందెం వేశాడు. పేర్ సంస్థవారి 7,250 డాలర్ల స్పీకరు తీగలకూ సాధారణమైన మంచి తీగలకూ భేదాన్ని కేవలం వినికిడితో నిరూపించినవారికి పది లక్షల డాలర్లు! ఆ సంస్థ వెనుదీసింది. పరీక్ష జరగనే లేదు.

దేవతావస్త్రాల కథలో రాజు తన కన్నులను నమ్మలేదు. ఇక్కడ రసికులు తమ చెవులను నమ్మక, ధరల పట్టికను నమ్మారు. ఏ తీగ ఏదో తెలియకుండా విని చెప్పమనడం శ్రోతకు అవమానం కాదు. చెవికి మనమివ్వగల నిజమైన గౌరవం అదేనని నా అభిప్రాయం. మీరేమంటారు?