హెదెర్ గదిలోంచి హీబ్రూ బడిలోకి

మదర్సాలను ఆధునీకరించాలి అనే మాట వినబడినప్పుడల్లా మాకు రెండు ప్రశ్నలు ఎదురవుతాయి. ఎవరు చేస్తారు? ఎవరి కోసం చేస్తారు? ఈ ప్రశ్నలు మాతోనే పుట్టినవి కావు. రష్యన్ సామ్రాజ్యంలోని యూదులు 180 ఏళ్ల కిందటే వీటిని వేసుకున్నారు. యూదులు అనగానే ఇజ్రాయెల్, ఇజ్రాయెల్ అనగానే పాలస్తీనా గుర్తొచ్చే మేం, ఆ యూదులే యూరప్‌లో మైనారిటీగా బతికిన రోజుల్ని కూడా చదవాలి.

హెదెర్ అంటే హీబ్రూలో గది. మెలమెద్ అనే పంతులు తన ఇంటి గదిలోనే పిల్లల్ని కూర్చోబెట్టుకునేవాడు. నాలుగైదేళ్లకే మగపిల్లలు అక్కడ చేరేవాళ్లు. ముందు అక్షరాలు, తర్వాత ప్రార్థనల పుస్తకం, ఆపైన తోరా. హీబ్రూ మాట చదవడం, ఇంట్లో మాట్లాడే యిద్దిష్‌లో దాని అర్థం చెప్పడం, వల్లె వేయడం, ఇదీ పద్ధతి. పెద్దయ్యాక రాషీ వ్యాఖ్యానం, తాల్ముద్. పొద్దున కూర్చుంటే సాయంత్రం దాకా అదే చదువు. వ్యాకరణం, లెక్కలు, భూగోళం దాదాపు లేవు. ఫీజు కట్టలేని పిల్లలకు సమాజం చందాలతో నడిపే తాల్ముద్ తోరా ఉండేది. మక్తబ్ ఎరిగిన మాకు ఈ గది పరాయిది కాదు. ఒక్క తేడా ఉంది. నాజిరా చదువులో మా పిల్లలు అరబీని అర్థం తెలియకుండానే చదువుతారు. హెదెర్‌లో మాటకు మాట అర్థం చెప్పేవారు.

సంస్కరణ మొదట పైనుంచి వచ్చింది. ఆస్ట్రియా చక్రవర్తి రెండో జోసెఫ్ 1782లో యూదులకు సహన శాసనం ప్రకటించినప్పుడు నఫ్తాలీ హెర్ట్స్ వెస్లీ దాన్ని స్వాగతిస్తూ హీబ్రూలో ఒక చిన్న పుస్తకం రాశాడు. తోరాతో పాటు లోకజ్ఞానం, దేశభాష కూడా నేర్పాలన్నాడు. రబ్బీలు మండిపడ్డారు. రష్యాలో కథ ఇంతకన్నా చేదు. జార్ మొదటి నికొలస్ 1827లో యూదులను సైన్యంలోకి నిర్బంధంగా చేర్చుకునే చట్టం తెచ్చాడు. 12 ఏళ్ల పిల్లల్ని కూడా పట్టుకుపోయి, బాప్తిస్మం తీసుకొమ్మని ఒత్తిడి పెట్టారు. ఆ జారే 1844లో యూదు పిల్లలకు ప్రభుత్వ బడులు పెడతానన్నాడు. జనానికి నచ్చజెప్పడానికి జర్మనీలో చదువుకున్న రబ్బీ మాక్స్ లీలియెంథాల్‌ని ఊళ్ల మీదికి పంపారు. 1845 నాటికి ఆయనే అమెరికా చేరాడు. జనం పిల్లల్ని పంపడానికి జంకారు. దీన్ని ఛాందసమని కొట్టిపారేయడం తేలిక. నిన్న పిల్లల్ని ఎత్తుకుపోయిన చేతులే ఇవాళ పలకా బలపం ఇస్తామంటే ఏ తల్లి నమ్ముతుంది?

జార్ వల్ల కానిది యాభై ఏళ్ల తర్వాత యూదుల లోపలి నుంచి వచ్చింది. 1893 చట్టం మెలమెద్‌లకు లైసెన్సు ఇచ్చింది. కొత్తతరం పంతుళ్లు ఆ హెదెర్ పేరు మీదే ఆధునిక బడి నడిపారు. దాన్ని హెదెర్ మెతుకాన్, అంటే బాగుచేసిన హెదెర్, అన్నారు. బెంచీలు, నల్లబల్ల, వేర్వేరు తరగతులు వచ్చాయి. హీబ్రూ వ్యాకరణం, యూదుల చరిత్ర వచ్చాయి. కొన్నిచోట్ల ఆడపిల్లలూ వచ్చారు. హీబ్రూను యిద్దిష్‌లోకి మార్చకుండా హీబ్రూలోనే నేర్పడం అసలు మార్పు. 1881లో జెరూసలేం చేరిన ఎలియెజెర్ బెన్ యెహుదా అక్కడి బడిలో మొదలుపెట్టిన పద్ధతే ఇది. జీవనం పోతుందని పాత మెలమెద్‌లు, మతం పోతుందని రబ్బీలు ఎదిరించారు.

ఇదే సామ్రాజ్యంలో ముస్లిములూ ఇదే పని చేశారు. క్రిమియాలోని బఖ్చిసరాయ్‌లో ఇస్మాయిల్ గాస్ప్రిన్‌స్కీ 1884లో ఉసూలె జదీద్, అంటే కొత్త పద్ధతి, బడి పెట్టాడు. అక్షరాన్ని పేరుతో కాక ధ్వనితో నేర్పాడు. ఒకే జార్ కింద రెండు మైనారిటీలు తమ బడిని తామే దిద్దుకున్నాయి. ఈ సంగతి మా పిల్లలకు ఎవరూ చెప్పలేదు.

అయితే ఈ సంస్కరణకు మూల్యం ఉంది. హీబ్రూ గెలిచే క్రమంలో తల్లుల భాష యిద్దిష్ చిన్నబోయింది. 1908లో చెర్నొవిట్స్ సభ యిద్దిష్ కూడా యూదుల జాతీయ భాషేనని ప్రకటించాల్సి వచ్చింది. సంప్రదాయ కుటుంబాల ఆడపిల్లలకు మత విద్య కోసం క్రాకోలో సారా షెనీరెర్ అనే కుట్టుపని చేసే స్త్రీ 1917లో బడి పెట్టేదాకా దాదాపు దారే లేదు. పోలండులోని హీబ్రూ బడుల్నీ యిద్దిష్ బడుల్నీ, వాటిలోని పిల్లల్నీ నాజీలు తుడిచిపెట్టారు.

ఇంకొకటి కూడా చెప్పాలి. 'హీబ్రూలో హీబ్రూ' పేరుతో పాఠ్యపుస్తకం రాసిన యిత్సాక్ ఎప్‌స్టీన్ పాలస్తీనాలోని రోష్ పీనా బడిలో పంతులు. భూస్వాముల దగ్గర కొన్న నేలమీంచి అరబ్బు రైతుల్ని వెళ్లగొట్టడం ఆయన కళ్లారా చూశాడు. అది అన్యాయమని 1907లో హీబ్రూలోనే వ్యాసం అచ్చువేశాడు. తనవాళ్లు పట్టించుకోలేదు. 1948లో లక్షల మంది పాలస్తీనీయులు ఇళ్లూ బడులూ వదిలి శరణార్థులయ్యారు. ఒక జాతి తన భాషను బతికించుకోవడాన్ని మేం గౌరవిస్తాం. ఆ భాషలోనే వినిపించిన హెచ్చరికను మరిచిపోం.

కాబట్టి మా మక్తబ్ గురించి మాట్లాడేవాళ్లు ముందు మమ్మల్ని అడగాలి. మేమూ మా ఇంట్లో అడగాలి. ఉర్దూ రాని, తెలుగే ఇంటిభాషైన దూదేకుల పిల్లవాడికి దీన్ ఏ భాషలో చెబుతున్నాం? వాడి చెల్లెల్ని ఏ తరగతిలో ఆపేస్తున్నాం? ఈ జవాబులు సర్కారు రాసిస్తుందని కూర్చుంటే, రాసేది మా కోసం కాకపోవచ్చు.