మాట వెనుక కథ: పాత్ర

‘పాత్ర’ సంస్కృతం నుంచి వచ్చిన మాట. ‘పా’ అంటే తాగడం. దేనితో తాగుతామో అది పాత్ర. దానిలో పోసింది నిలుస్తుంది కనుక తగినవాడు పాత్రుడయ్యాడు, తగనివాడికిచ్చేది అపాత్రదానమైంది. నాటకంలోకి ఈ మాట ఎందుకొచ్చిందో నాట్యశాస్త్ర వ్యాఖ్యానంలో అభినవగుప్తుడు చెప్పాడు: గిన్నె పానీయాన్ని రుచి చూడదు, మనం రుచి చూడటానికి సాధనమవుతుంది, నటుడూ అంతే. ఆ పేరు నటుడి నుంచి కల్పిత వ్యక్తికి మారింది. నటుడు పాత్రధారి అయ్యాడు. అర్థం మారినా సాధనమనే అసలు సూత్రం చెక్కుచెదరలేదు. అందుకే పాత్ర విశ్లేషణ అంటే మంచివాడా, చెడ్డవాడా అని తీర్పు చెప్పడం కాదు, ఆ వ్యక్తి ద్వారా మనకు ఏ అనుభవం అందుతోందో తేల్చడం.

‘కన్యాశుల్కం’లో మధురవాణిని వేశ్య అనో, ఉత్తమురాలు అనో ముద్రవేసి వదిలేస్తే చదవడం అక్కడే ఆగిపోతుంది. 1897 నాటి ప్రతిని తిరగరాసి 1909లో అచ్చువేసినప్పుడు గురజాడ ఆమెను ఎంతగా పెంచారో చూస్తే, పెద్దమనుషుల బండారాన్ని మనకు చూపించే పని ఆమెకే అప్పగించారని తెలుస్తుంది. ఆధునిక నవలలో మనిషికి సొంత అంతరంగం ఉంటుంది, అతణ్ణి సాధనమనడం కించపరచడం కాదా అని అడగవచ్చు. కానీ బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’లో దయానిధి వేదన పాఠకుడి మనసుకు చేరినప్పుడే అది సాహిత్యమవుతుంది. సాధనం కావడం పాత్రకు తక్కువతనం కాదు. అదే దాని యోగ్యత.