గేటు మీద పేరు పరిషత్‌ది, మరి పర్సు ఎవరిది? నంద్యాల, ఆళ్లగడ్డ బడుల కథ

నంద్యాల నుంచి ఆళ్లగడ్డకి బస్సులో పోతుంటే హైవే పక్కన ఊర్లలో ఒక గేటు కనిపిస్తుంది. 'జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల' అని రాసి ఉంటుంది. ఊరి లోపలికి పోతే ఇంకో చిన్న బోర్డు, 'మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల'. నేను పదో తరగతి దాకా అలాంటి గేట్లలోంచే పోయినవాణ్ణి. తర్వాత బీటెక్ చేసినాను, కొన్నేళ్లు కోడింగ్ చేసినాను. కానీ ఈ పరిషత్ అంటే ఎవరు, బడికి డబ్బులిచ్చేది వాళ్లేనా అని ఒక్కసారి కూడా అడగలేదు.

పోయినసారి ఊరికి పోయినప్పుడు మా అమ్మే అడిగింది. "బాత్రూం తలుపు విరిగి ఆర్నెల్లయిందంట రా. కమిటీ మీటింగులో అడిగితే సారు డబ్బుల్లేవంటాడు. ఎవర్ని అడగాల?" నా దగ్గర జవాబు లేదు. వెతుక్కుంటూ పోతే నూటయాభై ఏళ్లు వెనక్కి పోయినాను.

మన కర్నూలు ప్రాంతం అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. 1871లో మద్రాసు లోకల్ ఫండ్స్ చట్టం వచ్చింది. రైతు కట్టే భూమి శిస్తు మీద అదనంగా సెస్సు వేసి, ఆ డబ్బుతో రోడ్లు, బళ్లు, ఆసుపత్రులు నడపాలన్నారు. బోర్డుకి అధ్యక్షుడు ఎవరనుకుంటున్నారు? జిల్లా కలెక్టరే. ఈ మాట గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. బడి డబ్బు భూమికి ముడిపడింది, మన భూమేమో వానకి ముడిపడింది. చట్టం వచ్చి అయిదేళ్లు తిరిగేసరికి 1876-78 కరువు వచ్చింది. 1871కీ 1881కీ మధ్య కర్నూలు జిల్లా జనాభా సుమారు నాలుగో వంతు తగ్గిపోయింది. కట్టేవాడే లేనప్పుడు సెస్సు ఎక్కడినుంచి వస్తుంది? గోదావరి డెల్టాకి, మనకి ఒకటే చట్టం. కానీ కాలవ నీళ్లున్న జిల్లా ఖజానా, వాన కోసం చూసే జిల్లా ఖజానా ఒకటి కావు కదా. నంద్యాల పక్కన కేసీ కెనాల్ ఉంది, నిజమే. జిల్లా మొత్తానికి ఆ నీళ్లు లేవు.

1884లో జిల్లా బోర్డులు, తాలూకా బోర్డులు వచ్చినాయి. నంద్యాల 1899లో మునిసిపాలిటీ అయ్యాక టౌన్ బళ్లది వేరే లెక్క. తర్వాత ముఖ్యమైంది 1920 నాటి మద్రాసు ఎలిమెంటరీ విద్యా చట్టం. స్థానిక సంస్థలు విద్యా పన్ను వేసుకోవచ్చు, వేస్తే ప్రభుత్వం దానికి తగ్గకుండా తన వాటా ఇస్తుంది. వినడానికి బాగుంది. కానీ పన్ను వేయగలిగే చోటికే వాటా వస్తుంది. కరువు ఊరికి పన్నూ లేదు, వాటా కూడా లేదు. నాకైతే ఈ చట్టంలో కనిపించే పెద్ద బగ్ ఇదే.

1934లో తాలూకా బోర్డులు పోయినాయి. 1953 జూన్‌లో రాజాజీ ప్రభుత్వం పల్లె బళ్లలో పూటబడి పథకం తెచ్చింది. పూటకో బ్యాచ్ పిల్లలు వస్తే అవే గదులు, అదే అయ్యవారు రెండింతల మందికి సరిపోతారు. అంటే అదీ బడ్జెట్ లెక్కే. అప్పటికి కర్నూలు ఇంకా మద్రాసు రాష్ట్రంలోనే ఉంది. అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చి, కర్నూలే రాజధాని అయింది. మద్రాసులో ఆ పథకాన్ని మరుసటి ఏడాది కామరాజ్ ఎత్తేసినారు.

గేటు మీద మనం చదివే పేరు 1959ది. పంచాయతీ సమితులు, జిల్లా పరిషత్తుల చట్టంతో జిల్లా బోర్డు రద్దయింది. ప్రాథమిక బళ్లు సమితికి, హైస్కూళ్లు జిల్లా పరిషత్తుకి ఇచ్చినారు. ఎన్టీఆర్ కాలంలో సమితులు పోయి మండలాలు వచ్చినప్పుడు చిన్నబడి బోర్డు మీద పేరు మారింది. జీతాలు మాత్రం ప్రభుత్వ గ్రాంటు నుంచే. మా ఐటీ భాషలో చెప్పాలంటే, డొమైన్ పేరు పరిషత్‌ది, సర్వర్ బిల్లు కట్టేది రాష్ట్రం. బిల్లు కట్టేవాడి మాటే చెల్లుతుంది.

ఆ బిల్లు తగ్గించడానికి ఎన్ని దారులు వెతికినారో! 1980ల్లో నెలకి 398 రూపాయల మీద స్పెషల్ టీచర్లని తీసుకున్నారు. ఏ పాత అయ్యవారిని కదిలించినా ఆ అంకె ఇప్పటికీ నోట్లోనే ఉంటుంది. 1996లో డీపీఈపీ వచ్చింది. రాష్ట్రంలో మొదట తీసుకున్న అయిదు జిల్లాల్లో కర్నూలు ఒకటి, దానికి సాయం బ్రిటన్ నుంచి. 1998లో చట్టం చేసి బడి కమిటీలు పెట్టినారు. పనులు కమిటీకి వచ్చినాయి, పర్సు రాలేదు.

ఇప్పటికి వద్దాం. 2022 జూన్‌లో జీవో 117 వచ్చింది. 3, 4, 5 తరగతుల్ని కిలోమీటరు లోపు హైస్కూలుకి పంపమన్నారు. దీని వెనకాల ఇంకో లెక్క చూడండి. సమగ్ర శిక్ష కాంపోజిట్ గ్రాంటు నిబంధనల్లో 31 నుంచి 100 మంది పిల్లలుంటే ఏడాదికి 25,000 రూపాయలు, 30 లోపైతే 10,000. నలభై అయిదు మంది ఉన్న బడిలో మూడు క్లాసులు తీసేస్తే గ్రాంటు సగానికి పైగా పడిపోతుంది. సుద్దముక్కలు, కరెంటు బిల్లు, రిపేర్లు అన్నీ ఆ పదివేలలోనే. పిల్లలేమో హైవే దాటాలి. 2025 మేలో ఆ జీవోని రద్దు చేసినారు. మూడేళ్లలో క్లాసులు పోవడం, రావడం రెండూ అయినాయి.

ఇంకో సంగతి. నంద్యాల 2022 ఏప్రిల్ 4న జిల్లా అయింది కానీ జిల్లా పరిషత్తు అప్పుడు విడిపోలేదు. ఆళ్లగడ్డ హైస్కూలుకి పరిషత్తు ఆఫీసు అంటే నూరు కిలోమీటర్ల పైన ఉన్న కర్నూలే.

ఇక అమ్మ అడిగిన తలుపు. 2021లో అమ్మ ఒడి 15,000లో వెయ్యి రూపాయలు మరుగుదొడ్ల నిర్వహణకి తీసినారు. 2025లో తల్లికి వందనం 15,000లో తల్లి ఖాతాకి 13,000 పడినాయి. మిగతా 2,000 బడి నిర్వహణకి అని కలెక్టర్ ఖాతాకి పోయినాయి. 1871లో రైతు శిస్తు మీద సెస్సు కలెక్టర్ బోర్డుకి పోయేది, ఇప్పుడు తల్లి వాటా కలెక్టర్ ఖాతాకి. ఇదే అమ్మకి ఫోన్లో చెప్పినాను. "అయితే నా రెండువేలు దాంట్లోనే ఉన్నాయి కదా, అర్జీ నువ్వే రాయి" అనింది.

రాసినాను. సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌లో ఇస్తుందంట.