బాడుగ కారు (పశ్చిమ ప్రకాశం)

బాడుగ కారు లేదా అద్దె కారు అనగా ఒక ప్రయాణానికి గాని, కొన్ని రోజులకు గాని సొమ్ము చెల్లించి, సాధారణంగా డ్రైవరుతో సహా తీసుకొనే కారు. ఆంధ్ర ప్రదేశ్‌లో పశ్చిమ ప్రకాశంగా పేరుపడిన మార్కాపురం, గిద్దలూరు, కంభం, యర్రగొండపాలెం ప్రాంతాలలో కుటుంబ సమేతంగా చేసే క్షేత్రదర్శనాలకు, సెలవుల విహారాలకు ఇది ముఖ్య సాధనం. ఇక్కడ బాడుగ చౌకా, ప్రియమా అన్నది కిలోమీటరుకు చెప్పే ధర కంటే లెక్క కట్టే పద్ధతిని బట్టి, బండికి గల పర్మిట్టును బట్టి తేలుతుంది.

నేపథ్యం

మార్కాపురం, గిద్దలూరు తాలూకాలు 1970లో కొత్త జిల్లా ఏర్పడేవరకు కర్నూలు జిల్లాలో ఉండేవి. నల్లమల అడవులు పడమటి దిక్కున అడ్డుగా ఉన్నందున శ్రీశైలం, మహానంది, అహోబిలం వంటి క్షేత్రాలు దగ్గరలోనే ఉన్నా దారులు మాత్రం కొన్నే. త్రిపురాంతకం, భైరవకోన, సత్యవోలు, కంభం చెరువు వంటి స్థలాలు ఒకదానికొకటి దూరంగా ఉండుటచేత ఒక్కరోజులో రెండు మూడు చూడాలంటే బస్సులు మారుతూ తిరగడం కష్టం. పిల్లలు, వృద్ధులు ఉన్న కుటుంబాలు బాడుగ కారును ఆశ్రయించడానికి కారణం ఇదే.

ఒకప్పుడు అంబాసిడర్ కార్లు, జీపులు ఈ పనికి వాడేవారు. 1994లో టాటా సుమో, 2004లో టవేరా, 2005లో ఇన్నోవా, 2012లో ఎర్టిగా మార్కెట్టులోకి వచ్చిన తరువాత ఆరేడుగురు ఒకే బండిలో పోవడం వీలయింది.

లెక్క కట్టే పద్ధతులు

ముఖ్యంగా మూడు పద్ధతులు వాడుకలో ఉన్నాయి. మొదటిది కిలోమీటరు లెక్క. ఇందులో రోజుకు కనీసం ఇన్ని కిలోమీటర్లు (తరచుగా 250 లేదా 300) అని నియమం ఉంటుంది. అంతకంటే తక్కువ తిరిగినా కనీస దూరానికి చెల్లించాలి. రెండవది దినబాడుగ: రోజుకు ఇంత అని యజమానికి ఇచ్చి, డీజిలు ఖర్చు ప్రయాణికులే పెట్టుకుంటారు. మూడవది రానుపోను కలిపి ఒకే మొత్తం మాట్లాడుకోవడం. మూడింటిలోనూ డ్రైవరు బత్తా, టోలు, పార్కింగు సాధారణంగా విడిగానే ఉంటాయి.

మార్కాపురం నుండి పెద్దదోర్నాల మీదుగా శ్రీశైలం పోయి రావడానికి సుమారు 170 కిలోమీటర్లు అవుతుంది. కిలోమీటరుకు 14 రూపాయలు, కనీస దూరం 300 కిలోమీటర్లు అనుకుంటే బాడుగ 4,200 రూపాయలు. దినబాడుగ 2,500 రూపాయలు, బండి లీటరుకు 15 కిలోమీటర్లు ఇస్తుంది, డీజిలు లీటరు 100 రూపాయలు అనుకుంటే సుమారు 3,650 రూపాయలతో పని జరుగుతుంది. అదే రెండు రోజులలో 600 కిలోమీటర్లు తిరిగితే కిలోమీటరు లెక్కన 8,400, దినబాడుగకు 9,000 అవుతాయి. (ఇవి లెక్క తెలియడానికి తీసుకున్న ధరలే గాని స్థిరమైన రేట్లు కావు.) ఈ అంకెల ప్రకారం రోజుకు 255 కిలోమీటర్ల లోపు దినబాడుగ లాభం. అది దాటి 340 వరకు కిలోమీటరు లెక్క లాభం. ఆపైన మళ్ళీ దినబాడుగే మేలు. యజమానులు దినబాడుగకు కూడా కిలోమీటర్ల పరిమితి పెట్టడానికి ఇదే కారణం. తిరుగు ప్రయాణంలో తగవు వచ్చేది ఎక్కువగా ఈ పరిమితి దగ్గరే కనుక దానిని ముందే అడిగి తెలుసుకోవడం మంచిది.

మీటరు రీడింగు ఎక్కడ మొదలవుతుందన్నది మరొక విషయం. ఇంటి ముందు నుండి లెక్కించడం ఒక పద్ధతి, బండి షెడ్డు నుండి బయలుదేరి తిరిగి షెడ్డు చేరేవరకు లెక్కించడం మరొకటి. ఒంగోలు నుండో నగరాల నుండో పిలిపించిన బండి కిలోమీటరు ధర తక్కువగా చెప్పినా, ఖాళీగా వచ్చి పోయే దూరం కలిపితే స్థానిక బండి కంటే ప్రియమవుతుంది.

అడవి దారి, రాత్రి బస

దోర్నాల - శ్రీశైలం రహదారి నాగార్జునసాగర్ - శ్రీశైలం పులుల అభయారణ్యం గుండా పోతుంది. వన్యప్రాణుల రక్షణ కొరకు రాత్రి తొమ్మిది గంటల నుండి ఉదయం ఆరు వరకు ఈ దారిలో వాహనాలను అనుమతించరు. సాయంత్రం దర్శనం ఆలస్యమైతే కొండపైనే బస చేయవలసి వస్తుంది. అప్పుడు రెండవ రోజు బాడుగ, బత్తా కూడా పడతాయి. ఒకరోజు యాత్రను తెల్లవారుజామున మొదలుపెట్టాలనుకునేవారు కూడా చెక్‌పోస్టు తెరిచే వేళను లెక్కలో పెట్టుకోవాలి.

నంబరు ప్లేటు, పర్మిట్టు

బాడుగకు తిరిగే డీజిలు, పెట్రోలు కార్లకు పసుపు ప్లేటుపై నల్ల అక్షరాలు ఉండాలి. సొంత వాడకపు కార్లకు తెల్ల ప్లేటు ఉంటుంది. డ్రైవరు లేకుండా అద్దెకిచ్చే కార్లకు నల్ల ప్లేటుపై పసుపు అక్షరాలు ఉంటాయి. 1989 నాటి రెంట్ ఎ క్యాబ్ పథకం ప్రకారం ఈ చివరి వ్యాపారానికి లైసెన్సు పొందాలంటే కనీసం 50 కార్లు ఉండాలి. చిన్న పట్టణాలలో ఇది సాధ్యమయ్యే పని కాదు.

మిగిలినవాటి కంటే బాగా చౌకగా దొరికే బండి చాలాసార్లు తెల్ల ప్లేటుదే అయి ఉంటుంది. పర్మిట్టు రుసుము, రవాణా వాహనపు పన్ను, ఫిట్‌నెస్ పరీక్ష, వాణిజ్య బీమా ఖర్చులు దానికి లేవు. తగ్గిన ధర అక్కడినుండే వస్తుంది. మోటారు వాహనాల చట్టం, 1988 ప్రకారం ఇది పర్మిట్టు లేకుండా రవాణా చేయడమే. 2019 సవరణ తరువాత దీనికి 10,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు శిక్ష విధించవచ్చు. శిక్ష యజమానికో డ్రైవరుకో పడుతుంది గాని ప్రమాదం జరిగితే నష్టం ప్రయాణికులదే. సొంత కారు బీమా పాలసీలలో బాడుగకు నడిపినప్పుడు వర్తించదని షరతు ఉంటుంది. బీమా సంస్థ ఆ షరతు చూపి తప్పుకుంటే పరిహారం యజమాని ఇవ్వాలి. అతనికి ఆ స్తోమత లేకపోతే కోర్టు తీర్పు వచ్చినా బాధిత కుటుంబానికి డబ్బు చేతికందదు. పసుపు ప్లేటు బండిలో కూడా సీట్లకు మించి మనుషులను ఎక్కించడం ఇటువంటి చిక్కులకే దారి తీస్తుంది.

బండి నంబరు తెలిస్తే కేంద్ర ప్రభుత్వపు ఎం-పరివాహన్ యాప్‌లో ఫిట్‌నెస్, బీమా గడువులు చూడవచ్చు. డ్రైవరుకు బ్యాడ్జి లేదన్నది మాత్రం పెద్ద లోపం కాదు. 7,500 కిలోల లోపు వాహనాలకు లైట్ మోటారు వాహన లైసెన్సే చాలునని 2024 నవంబరు 6న సుప్రీం కోర్టు రాజ్యాంగ ధర్మాసనం తీర్పు ఇచ్చింది.

2014లో రాష్ట్ర విభజన జరిగినప్పటి నుండి హైదరాబాదు ప్రయాణం కూడా అంతర్రాష్ట్ర ప్రయాణమే. అఖిల భారత పర్యాటక పర్మిట్టు లేని బండి సరిహద్దు దాటాలంటే తాత్కాలిక పర్మిట్టు, పన్ను అవసరం. ఆ ఖర్చు ఎవరిదో బేరంలోనే తేల్చుకోవాలి.

ధరలు పెరిగే, తగ్గే కాలాలు

బండ్ల గిరాకీ పంచాంగాన్ని అనుసరిస్తుందంటే అతిశయోక్తి కాదు. పెళ్ళి ముహూర్తాలు, కార్తీక సోమవారాలు, మహాశివరాత్రి, దసరా, సంక్రాంతి, వేసవి సెలవులలో ముహూర్తాలు కలిసిన రోజులు ప్రియం. ఆషాఢంలో, మూఢమి రోజులలో పెళ్ళిళ్ళు ఉండవు కనుక బేరానికి వీలుంటుంది. వేసవి సెలవులలో మూఢమి వచ్చిన సంవత్సరం కుటుంబాలకు కలిసివస్తుంది. వారాంతం కాకుండా మంగళ, బుధవారాలలో బయలుదేరడం కూడా కొంత నయం.

బస్సు, రైలుతో కలిపి వాడడం

దారి అంతటికీ కారు మాట్లాడుకోనవసరం లేదు. గుంటూరు - నంద్యాల రైలు మార్గం మార్కాపురం రోడ్డు, కంభం, గిద్దలూరు మీదుగా నల్లమలను దాటి పోతుంది. మహానంది, అహోబిలం చూడదలచినవారు నంద్యాల వరకు రైలులో పోయి అక్కడ ఒకరోజుకు కారు తీసుకుంటే ఘాట్ దారి బాడుగ మిగులుతుంది. 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీ శక్తి పథకం క్రింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ వంటి ఆర్టీసీ బస్సులలో రాష్ట్ర మహిళలకు ఉచిత ప్రయాణం లభిస్తుంది. ఆడవారు ఎక్కువగా ఉన్న కుటుంబానికి పెద్ద ఊరి వరకు బస్సు, అక్కడి నుండి కారు అన్న పద్ధతి అన్నిటికంటే తక్కువలో తేలుతుంది. సామాను ఎక్కువగా ఉన్నా, నడవలేని వృద్ధులు వెంట ఉన్నా ఇది కుదరదు. మార్కాపురం రోడ్డు స్టేషను పట్టణానికి కొన్ని కిలోమీటర్ల దూరంలో ఉన్నందున ఆటో ఖర్చు కూడా కలుపుకోవాలి.