కోతపండుగ: కూలిగింజల కానుక

వరికోతలై నూర్పిళ్లు ముగిశాక వచ్చే ఒక ఆదివారం మన పల్లెల్లో చర్చి వాకిట కాలు పెట్టే చోటుండదు. ధాన్యం బస్తాలు, గుమ్మడికాయలు, అరటిగెలలు, కంకులతో అల్లిన తోరణాలు, కాళ్లు కట్టిన నాటుకోళ్లు, ఏ ముసలమ్మో కొంగులో పెట్టుకుని తెచ్చిన నాలుగు గుడ్లు. ఆరాధన అవగానే వేలంపాట. బజారులో ముప్పై రూపాయలకు దొరికే కొబ్బరికాయ ఇక్కడ వెయ్యి పలుకుతుంది. పాడుకున్నవాళ్లు చాలాసార్లు దాన్ని ఇంటికి తీసుకుపోరు, మళ్లీ పాటకే ఇచ్చేస్తారు. ఒకే కోడి నలుగురి చేతులు మారి, నాలుగుసార్లు కానుకై, చివరికి ఎవరింటి కూరకో చేరుతుంది.

కోతపండుగ అనండి, పంటపండుగ అనండి, హార్వెస్ట్ అనండి, ఊరిని బట్టీ సంఘాన్ని బట్టీ పేరు మారుతుంది. దీని మూలం మూడువేల ఏళ్ల నాటిదంటే నిజమే. రెండువందల ఏళ్లు కూడా నిండలేదన్నా నిజమే. నన్ను ఎక్కువ ఆలోచింపజేసేది మాత్రం ఈ రెండూ కావు. సెంటు భూమి లేనివాళ్లు ఈ పండుగను తమ పండుగ చేసుకున్న తీరు.

మూలం దగ్గరికి వెళ్దాం. ద్వితీయోపదేశకాండం 26వ అధ్యాయంలో ఇశ్రాయేలు రైతుకు ఒక ఆజ్ఞ ఉంది. పొలంలో మొదట పండినవి గంపకెత్తుకుని యాజకుడి ముందు పెట్టాలి. పెట్టి ఊరుకోకూడదు, తన కథ చెప్పుకోవాలి. మా పెద్దలు తావు లేక తిరిగినవాళ్లు, ఐగుప్తులో వెట్టిచాకిరీ చేసినవాళ్లు, దేవుడే విడిపించి ఈ నేల మా చేతిలో పెట్టాడు, ఇదిగో ఆ నేల పంట అని. ఆ తరువాత, భూమి లేని లేవీయులతో, తమ మధ్య బతికే పరదేశులతో కలిసి పండుగ చేసుకోవాలి. మూడో ఏటి పదోవంతు లేవీయులకు, పరదేశులకు, తండ్రి లేని పిల్లలకు, విధవరాండ్రకు చెందాలి. లేవీయకాండంలో ఇంకో కట్టుబాటుంది: పొలం అంచులు పూర్తిగా కోయకూడదు, రాలిన పరిగె ఏరుకోకూడదు. అది బీదలకు వదిలెయ్యాలి. బోయజు చేలో రూతు పరిగె ఏరుకున్నది ఆ హక్కు మీదే. కృతజ్ఞత చెప్పడం, పక్కవాడికి పెట్టడం అక్కడ వేరువేరు పనులు కావు.

ఆ మొదటి ఫలాలు యెరూషలేముకు ఎలా చేరేవో మిష్నా వివరంగా చెబుతుంది. యూదు పండితుల కట్టుబాట్లన్నీ క్రీ.శ. 200 ప్రాంతంలో కూర్చిన గ్రంథమది. చెట్టున మొదటి అంజూరం కనబడగానే రైతు దానికి రెల్లుపోచ కట్టి, ఇది ప్రథమ ఫలం అని గుర్తు పెట్టేవాడు. ఊళ్లవాళ్లంతా కలిసి బయలుదేరేవారు. ముందు కొమ్ములకు బంగారు పూత పూసిన ఎద్దు, దాని ముందు పిల్లనగ్రోవి. అయితే యాజకుడి ముందు చెప్పాల్సిన పాఠం చదవలేనివాళ్లు ఆ గుంపులో చాలామంది. మొదట్లో పాఠం వచ్చినవాళ్లు స్వయంగా చెప్పేవారు, రానివాళ్లకు యాజకుడు పలికించేవాడు. పదిమందిలో చిన్నతనమై రానివాళ్లు కానుక తేవడమే మానేశారు. అప్పుడు పెద్దలు ఒక నిర్ణయం చేశారు. వచ్చినా రాకపోయినా అందరికీ యాజకుడే పలికించాలి. ఇచ్చే చోట ఎవరూ తల వంచుకోకూడదని ఆరాధన పద్ధతినే మార్చుకున్న ఆ పెద్దలంటే నాకు ఎంతో గౌరవం.

క్రీ.శ. 70లో రోమన్లు యెరూషలేము దేవాలయాన్ని కూల్చారు. ఆ ఊరేగింపు ఆగిపోయింది. క్రైస్తవులు ఇవ్వడాన్ని ఆదివారపు ఆరాధనలోకి తెచ్చుకున్నారు. ప్రథమ ఫలాలు ప్రవక్తలకు ఇవ్వండి, మీ దగ్గర ప్రవక్త లేకపోతే పేదలకు ఇవ్వండి అంటుంది ‘డిడాకే’ అనే తొలినాళ్ల చిన్న పుస్తకం. క్రీ.శ. 155 ప్రాంతంలో జస్టిన్ మార్టిర్ అనే క్రైస్తవ పండితుడు రోమా చక్రవర్తికి రాసుకున్న విన్నపంలో ఆదివారం ఏం జరుగుతుందో చెప్పాడు. కలిగినవాళ్లు తమకు తోచినంత ఇస్తారు, పెద్ద దగ్గర ఉంచుతారు, ఆయన అనాథలకు, విధవరాండ్రకు, రోగులకు, ఖైదీలకు, దారినపోయే పరదేశులకు పంచుతాడు అని. బలవంతం లేదన్నది జస్టిన్ మాట, కొన్ని దశాబ్దాల తరువాత టెర్టుల్లియన్ అనే మరో క్రైస్తవ రచయిత మాట కూడా.

మధ్య శతాబ్దాలను త్వరగా దాటేద్దాం. ఇంగ్లండులో ఆగస్టు 1న కొత్త గోధుమలతో చేసిన రొట్టెను గుడికి తెచ్చే లామాస్ అనే ఆచారం పాతకాలంలో ఉండేది. పోనుపోను పలచబడింది. దాన్ని తిరిగి లేపినవాడు కార్న్‌వాల్ సముద్రతీరంలో మోర్వెన్‌స్టో అనే పేద ఊరి గురువు రాబర్ట్ స్టీఫెన్ హాకర్. ఓడలు పగిలి శవాలు కొట్టుకువచ్చే తీరమది. వాటిని ఇసుకలో వదిలెయ్యకుండా చర్చి ఆవరణకు మోయించి ప్రార్థనతో పాతిపెట్టిన మనిషి హాకర్. 1842లో ‘కాలెడోనియా’ ఓడ మునిగితే ఆ నావికుల్ని అలాగే మట్టి చేశాడు. మరుసటేడు, 1843 అక్టోబరు 1న, ఊరివాళ్లను పిలిచి పంటకు స్తోత్రం చెల్లించే ఆరాధన జరిపాడు. కొత్త ధాన్యపు రొట్టెతో ప్రభువు బల్ల ఇచ్చాడు. ఇవాళ ప్రపంచమంతా చర్చిల్లో చేసుకునే హార్వెస్ట్ పండుగకు ఆ ఆదివారాన్నే మొదలుగా చెప్పుకుంటారు. ఇంగ్లండులో పల్లె తరువాత పల్లె అందుకుంది, మిషనరీలతో ఓడ ఎక్కింది.

తెలుగునేల మీద చర్చి మిషనరీ సొసైటీ 1841లో మచిలీపట్నంలో పని మొదలుపెట్టింది. మరుసటేడు లూథరన్ మిషనరీ హేయర్ గుంటూరు చేరాడు. తరువాతి కాలంలో వేలకు వేలు క్రైస్తవులైనవాళ్లు ఎక్కువగా మాల, మాదిగ కుటుంబాలు. పాలేర్లు, కూలీలు, తోలుపని చేసేవాళ్లు. కోత వాళ్లది, నూర్పిడి వాళ్లది, గాదె ఇంకొకరిది. కల్లం దగ్గర కూలిగా కొలిచిన గింజలే వాళ్ల పంట. అందులోంచి ప్రథమ ఫలం తియ్యమనడం న్యాయమేనా? మిషనరీల్లో చాలామందికీ ఆ సందేహం ఉండేది. వీళ్లకు పెట్టాలి గానీ వీళ్ల దగ్గర తీసుకోవడమేమిటి? బడి, మందు, కరువులో గంజి, ఉపాధ్యాయుడి జీతం, అన్నీ విదేశాల నుంచే రావాలని అటు మిషనరీలకూ ఇటు సంఘాలకూ అలవాటైపోయింది.

దీన్ని గట్టిగా కాదన్నవాడు వేదనాయగం శామ్యూల్ అజరయ్య. 1874లో తిరునెల్వేలి ప్రాంతంలోని వెల్లాలన్‌విలైలో పుట్టిన తమిళుడు. 1902లో జాఫ్నా వెళ్లి, అక్కడి తమిళ క్రైస్తవులు తమ డబ్బుతోనే సువార్త పని చేయించడం చూశాడు. మరుసటేడే తిరునెల్వేలి వాళ్లతో ఇండియన్ మిషనరీ సొసైటీ పెట్టించాడు. మనుషులు మనవాళ్లే, డబ్బు మనదే, నిర్వహణ మనదే అన్నది దాని నియమం. ఆ సొసైటీ ఎంచుకున్న పొలం నిజాం రాజ్యంలోని డోర్నకల్. 1909లో అజరయ్య స్వయంగా అక్కడికి వచ్చి తెలుగు నేర్చుకున్నాడు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్‌గా అభిషేకం పొందాడు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవికి వచ్చిన మొదటి భారతీయుడు ఆయనే. 1945 జనవరి 1న డోర్నకల్‌లోనే కన్నుమూశాడు.

ఆయన ఆలోచన చెప్పడానికి తేలిక, నడపడానికి కష్టం. పుచ్చుకోవడం మాత్రమే తెలిసిన సంఘం ఎప్పటికీ నిలబడదు. దేవుడి దగ్గర పొందినవాడు ఎంత బీదవాడైనా ఇచ్చేవాడే. ఈ విషయం మీదే ‘క్రిస్టియన్ గివింగ్’ అని పుస్తకం రాశాడు. చర్చి ఖర్చుల కోసం కాదు, ఆరాధనలో భాగంగా ఇవ్వాలన్నది దాని సారం. బాప్తిస్మం పొందినవాళ్ల చేత తమ చేతులు తమ తలమీదే పెట్టించి, సువార్త ప్రకటించకపోతే నాకు శ్రమ అన్న పౌలు మాటను పలికించేవాడు. నిన్న చేరినవాడు కూడా ఇవాళే ఇచ్చేవాడవ్వాలి.

ఇది ఎంత పెద్ద మాటో ఆ రోజుల నిజాం రాజ్యపు పల్లె తెలిస్తే గానీ అర్థం కాదు. అక్కడ వెట్టి నడిచేది. దొర పిలిస్తే కూలి లేకుండా పోవాలి, దొర అడిగితే కోడి ఇయ్యాలి, చెప్పులు కుట్టి ఇయ్యాలి. ఆ మనుషులు పుట్టినప్పటి నుంచీ ఇస్తూనే ఉన్నారు, కాకపోతే ఒక్కటీ తమ ఇష్టంతో ఇవ్వలేదు. అలాంటి మనిషి ఒక ఆదివారం తన కోడిని తానే చంకన పెట్టుకుని, ఉతికిన బట్టలు కట్టి, నడిమధ్య దారిన నడిచి బల్ల దగ్గర పెట్టాడు. ఎవరూ అడగలేదు, ఎవరికీ భయపడలేదు. వెట్టిలో పోయిన కోడి, బల్ల మీద పెట్టిన కోడి ఒకే గంప కిందివి కావచ్చు. ఇచ్చిన మనిషి మాత్రం వేరు. ఐగుప్తు వెట్టి నుంచి వచ్చిన రైతు గంప ముందు పెట్టుకుని చెప్పుకున్న కథ ఈ మనిషికి ఎవరూ విప్పి చెప్పనక్కర్లేదు.

డబ్బు చూడని ఇళ్లలో ఆడవాళ్లు ఇంకో దారి పట్టారు. తెలుగు సంఘాల్లో పిడికెడు బియ్యం ఇలాగే పాతుకుంది. ఎసట్లో పొయ్యబోయే ముందు కొలిచిన బియ్యంలోంచి ఒక గుప్పెడు తీసి పక్క కుండలో వెయ్యడం, వారానికోసారి గుడికి తేవడం. గంజితో సరిపెట్టుకునే ఇంట్లో ఆ గుప్పెడు ఎవరి పళ్లెంలోంచి తగ్గిందో మనకు తెలుసు: వండిన ఆవిడ పళ్లెంలోంచే. మిజోరంలో ఇదే అలవాటును ప్రెస్బిటేరియన్ స్త్రీలు శతాబ్దానికి పైగా నడుపుతున్నారు, దాన్ని ‘బుహ్‌ఫాయ్ థామ్’ అంటారు. మళ్లీ డోర్నకల్‌కు వస్తే, 1935 నాటికి ఆ అధ్యక్ష మండలంలో 250 మంది భారతీయ గురువులు, 2,000 పైగా పల్లె ఉపాధ్యాయులు ఉన్నారు. విదేశీ సొమ్ము పూర్తిగా ఆగిపోలేదు. కానీ పల్లె గురువు ఇంట్లో ఉడికిన అన్నంలో చాలాచోట్ల ఈ గుప్పెళ్లున్నాయి. గుమ్మటాలూ మినార్లూ కలగలిపి ఈ దేశపు పోలికలతో కట్టిన డోర్నకల్ దేవాలయాన్ని 1939 జనవరి 6న ప్రతిష్ఠించారు.

ఇప్పుడు గంపలు తగ్గి కవర్లు పెరిగాయి. మొదటి జీతం వచ్చిన పిల్లలు దాన్ని తల్లి చేతుల మీదుగా గుడికి తెస్తారు. కవరుతో పాటు చీటీ ఉంటుంది. పరీక్ష పాసైనందుకు, కాన్పు సుఖంగా జరిగినందుకు, బోరులో నీళ్లు పడ్డందుకు, ఆపరేషన్ అయి నాన్న ఇంటికి వచ్చినందుకు. పాస్టరుగారు అవన్నీ చదువుతుంటే, సంఘం ఏడాదంతా ఏం భయపడిందో ఏం పొందిందో వినబడుతుంది. చీటీలు చదవాలనే నేనంటాను. పక్కన అంకె మాత్రం చదవకూడదు. లక్ష ఇచ్చినాయన పేరు మైకులో మోగాక, యాభై రూపాయలు ముడివేసుకొచ్చిన అమ్మ లేచి ముందుకు నడవగలదా? మిష్నా పెద్దలు రెండువేల ఏళ్ల కిందట తీర్చిన తగువిది, మళ్లీ తెచ్చుకోవడం ఎందుకు? ఇంతకంటే నన్ను బాధపెట్టేది, ఇస్తే పదింతలై తిరిగొస్తుందని మాటిచ్చి గుంజుకునే బోధ. గంప పట్టుకున్న రైతు చెప్పింది అప్పటికే పొందినదాని గురించి. రాబోయే దాని మీద బేరం పెట్టుకున్నాక అది కృతజ్ఞత ఎలా అవుతుంది?

మరో లోటు కూడా ఉంది. పాటలో వచ్చిన డబ్బు చాలాచోట్ల ప్రహరీకో, మైకు సెట్టుకో పోతోంది. ద్వితీయోపదేశకాండం పిలవమన్న పరదేశి, తండ్రి లేని బిడ్డ లెక్కల పుస్తకంలో కనబడరు. కోతపండుగ జమాఖర్చు చదివేటప్పుడు బయటికి పోయిన సొమ్మెంతో మొదట చదవమని అడిగే హక్కు ప్రతి సంఘస్తుడికీ ఉంది. ఆడవాళ్లు ముందు అడగాలి, పిడికెడు తీసింది వాళ్లే కనుక.

కొన్ని ఊళ్లలో ఇలా బయటివాళ్లకు పెట్టడం మొదలైంది కూడా. హైదరాబాదుకో దుబాయికో డాలస్‌కో వెళ్లిపోయినవాళ్లు కోతపండుగ నాడు ఊళ్లో అన్నకో తమ్ముడికో ఫోను చేసి పాటలో నిలబడతారు. ఒకటోసారి, రెండోసారి అని కేకలు వినబడుతుంటే అవతలి నుంచి ధర పెంచుతారు. బస్తా తమ పేరు మీద ఖాయమయ్యాక, దాన్ని ఎవరింటికి చేర్చాలో కూడా వాళ్లే చెబుతారు. ఆ ఏడు వానకు చేను మునిగిన కౌలురైతు ఇంటికి, మగదిక్కు పోయిన ఇంటికి, ఆ ఇల్లు ఏ సంఘానిదైనా, ఏ మతానిదైనా సరే.