దవాఖానాలో కాగితం, కలం: హకీం జకరియ్యా రాజీ వైద్య వృత్తి

మన సభల్లో ఉపన్యాసం ఇచ్చేవారు ఎవరైనా సరే, "ఇబ్నె సీనా మనవాడు, జకరియ్యా రాజీ మనవాడు" అని ఒక్కసారైనా అనకుండా వేదిక దిగరు. మనమూ చప్పట్లు కొడతాం. మంచిదే. పెద్దల పేరు తలుచుకోవడంలో తప్పేముంది? కాని ఆ రాజీ గారు ఏ విద్య చదివారు, ఎక్కడ నౌకరీ చేశారు, రోగి ఎదురుగా వచ్చి కూర్చుంటే ఏమని అడిగేవారు అంటే మాత్రం చెప్పేవాళ్ళు తక్కువ. బడిలో పిల్లలకు చరిత్ర చెప్పేటప్పుడు వాళ్ళు అడిగేది ఇదే: "సార్, ఆయన ఏం చేసేవాడు?" ఈ సావనీరు చదివే కుటుంబాలకు ఆ సంగతే నాలుగు మాటల్లో చెప్పాలని ఈ వ్యాసం.

ఇప్పుడు ఊళ్ళల్లో డాక్టర్ల బోర్డుల మీద "ఎం.డి. జనరల్ మెడిసిన్" అని చూస్తుంటాం గదా. కత్తి పట్టకుండా లోపలి జబ్బును కనిపెట్టి, మందుతో, పథ్యంతో నయం చేసే డాక్టరు అన్నమాట. జ్వరం, దగ్గు, కామెర్లు, కడుపునొప్పి, మూత్రపిండాలు, గుండె, అన్నీ ఆయన దగ్గరికే వస్తాయి. వెయ్యేళ్ళ కింద రాజీ గారు చేసింది ముఖ్యంగా ఈ పనే.

ఆయన పూర్తి పేరు అబూ బక్ర్ ముహమ్మద్ బిన్ జకరియ్యా అల్ రాజీ. ఇరాన్‌లో నేటి టెహరాన్ పక్కన రై అనే పాత పట్నం ఉంది. రై వాడు కాబట్టి రాజీ. మన కోర్టుల్లో చేసుకునే రాజీకీ, ఈ పేరుకూ సంబంధం లేదు. హిజ్రీ 251లో, అంటే క్రీ.శ. 865లో పుట్టి, హిజ్రీ 313లో, అంటే 925లో చనిపోయినట్టు అల్ బిరూనీ రాశారు. మన హిందూస్థాన్ గురించి పెద్ద పుస్తకం రాసిన ఆ బిరూనీయే, రాజీ గారి రచనల జాబితా కూడా తయారుచేశారు. అందులో 184 పేర్లున్నాయి. వైద్యం ఒక్కటే కాదు, రసాయనం, తర్కం, తత్వశాస్త్రం కూడా ఉన్నాయి.

ఆయన వైద్యంలోకి కొంచెం ఆలస్యంగానే వచ్చారని పాత చరిత్రకారులు చెబుతారు. పెద్ద వయసులో చదువు మొదలుపెట్టినా సొంత ఊరు రైలో దవాఖానాకు పెద్ద అయ్యారు, తరవాత బగ్దాదు దవాఖానాకూ పెద్ద అయ్యారు. పదో తరగతి తప్పితే జిందగీ అయిపోయిందనుకునే మన పిల్లలు ఈ సంగతి వినాలి.

ఇక్కడ ఒక కథ సంగతి కూడా చెప్పాలి. బగ్దాదులో దవాఖానా ఎక్కడ కట్టాలని రాజు అడిగితే, రాజీ గారు పట్నంలో పలుచోట్ల మాంసం ముక్కలు వేలాడదీయించి, ఎక్కడ ఆలస్యంగా కుళ్ళిందో అక్కడ కట్టమన్నారని కథ. వినడానికి బాగుంటుంది. అయితే ఆ కథలో చెప్పే అజ్దీ దవాఖానాను సుల్తాన్ అజ్దుద్దౌలా కట్టించింది రాజీ గారు పోయిన యాభై ఏళ్ళకు పైబడిన తరవాత. 13వ శతాబ్దంలో వైద్యుల చరిత్ర రాసిన ఇబ్న్ అబీ ఉసైబియా కూడా రాజీ అంతకు ముందరివాడని గుర్తించారు. ఇట్లాంటి కథలు లేకపోయినా రాజీ గారికి వచ్చిన లోటేమీ లేదు. నిజంగా జరిగిందే చాలినంత ఉంది.

ఆయన మజ్లిస్ ఎట్లా నడిచేదో ఇబ్న్ నదీమ్ అనే పుస్తకాల వ్యాపారి 987లో రాసిపెట్టారు. రై పట్నం ముసలాయన ఒకరు చెప్పగా రాసిన మాటలవి. రాజీ గారు పెద్ద తల ఉన్న వృద్ధుడు. మజ్లిస్‌లో ఆయన కూర్చుంటే, ఆయన కింద శిష్యులు, వారి కింద వాళ్ళ శిష్యులు, వాళ్ళ కింద ఇంకా కొత్తవాళ్ళు వరసలుగా కూర్చునేవారు. రోగి వస్తే ముందు చివరి వరసవాళ్ళకు తన బాధ చెప్పుకునేవాడు. వాళ్ళకు తెలిస్తే సరే. తెలియకపోతే లోపలి వరసకు పంపేవారు. అక్కడా తేలకపోతేనే రాజీ గారు నోరు విప్పేవారు. ఇప్పటి పెద్దాసుపత్రుల్లో హౌస్‌సర్జన్, పీజీ డాక్టరు, అసిస్టెంటు, ప్రొఫెసరు అని ఉన్న వరస చూడండి. పద్ధతి అదే. రోగికి వైద్యం జరుగుతుంది, పిల్లలకు పాఠం జరుగుతుంది.

ఆ ముసలాయనే ఇంకో మాట చెప్పారు. రాజీ గారు దయగలవారు. బీదవాళ్ళకు, జబ్బుపడ్డవాళ్ళకు వైద్యం చేయడమే కాక ఖర్చులకు కూడా ఇచ్చేవారు. ఇంకా, ఎప్పుడు చూసినా చేతిలో కలమే. చిత్తు రాస్తూనో, సాఫు రాస్తూనో కనిపించేవారట.

ఈ రాత దగ్గరే మనం ఆగి చూడాలి. ఎందుకంటే రాజీ గారి గొప్పతనం అక్కడే ఉంది. నబ్జ్ చూసేవాళ్ళు, ఖారూరా చూసేవాళ్ళు ఆ కాలంలో ఎందరో ఉన్నారు. కాని చూసింది చూసినట్టు రోగి పేరుతో సహా రాసుకోవడం, మందు ఇచ్చిన తరవాత ఏమైందో మళ్ళీ రాసుకోవడం అందరూ చేసిన పని కాదు. ఆయన రాసుకున్న కేసుల్లో 33ను మాక్స్ మేయర్‌హాఫ్ అనే కంటి డాక్టరు 1935లో అచ్చు వేయించారు.

అందులో ఒక కేసు చెబుతాను. అబ్దుల్లా బిన్ సవాదా అనే ఆయనకు జ్వరం. ఒకసారి ఆరు రోజులకు వస్తుంది, ఒకసారి రోజు విడిచి రోజు, ఒకసారి నాలుగో రోజు, ఒకసారి రోజూ వస్తుంది. ముందు కొంచెం చలి. మూత్రం మాటిమాటికీ. రాజీ గారు రెండు మాటలు చెప్పారు: ఇది నాలుగో రోజు జ్వరంగానైనా మారాలి, లేకపోతే మూత్రపిండంలో పుండైనా ఉండాలి. కొద్ది రోజులకే మూత్రంలో చీము పడింది. ఇక ఆ జ్వరాలు రావని రోగికి చెప్పారు, రాలేదు. మూత్రం సాఫీగా వచ్చే మందులిచ్చి, చీము పోయాక పుండు మానే మందులిచ్చి, సుమారు రెండు నెలల్లో నయం చేశారు.

ఇంతవరకు అయితే ఇది ఒక పెద్ద హకీం విజయగాథే. కాని ఆయన అక్కడ కలం ఆపలేదు. మొదటే పుండు అని ఎందుకు తేల్చలేకపోయానో కూడా రాశారు. ఆ మనిషికి అంతకు ముందు కూడా రకరకాల జ్వరాలు వచ్చిపోయాయి కాబట్టి అటువైపు అనుమానం పోయింది. పైగా నిలబడితే నడుం దగ్గర బరువు వేలాడినట్టుంటుందని రోగి చెప్పలేదు. తనూ అడగలేదు. ఈ "తనూ అడగలేదు" అన్నది ఆయన చేత్తో రాసుకున్న మాట. రోగి బాగయ్యాడు, ఎవరూ నిలదీయలేదు, దాచుకుంటే ఎవరికీ తెలియదు. అయినా రాశారు, రేపు ఇంకో రోగి వస్తే ఆ ప్రశ్న మరిచిపోకూడదని.

మశూచి, తట్టు గురించి ఆయన రాసిన చిన్న పుస్తకం లోకమంతా పేరు పొందింది. మశూచిని మన పల్లెల్లో అమ్మవారు అనేవారు. ఈ రెండు జబ్బులూ వేరువేరని వివరంగా గుర్తులు చెప్పిన మొదటి గ్రంథం మనకు తెలిసినంతలో అదే. మశూచిలో నడుంనొప్పి ఎక్కువ, ముక్కులో దురద, నిద్రలో ఉలికిపాటు ఉంటాయి. తట్టులో వికారం, ఆందోళన ఎక్కువ. కారణం మాత్రం రక్తం పొంగడమని ఆయన అనుకున్నారు. అది సరికాదని ఇప్పుడు మనకు తెలుసు. గుర్తులు మాత్రం కళ్ళతో చూసి రాసినవి, కాబట్టి నిలిచాయి. ఆ పుస్తకం ఇంగ్లీషులోకి 1848లో మారింది. చివరికి టీకాల బలంతో మశూచి లోకం నుంచే పోయిందని 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది.

ఇంకో సంగతి చూడండి. సర్సామ్ అనే మెదడు వాపు జబ్బు ముంచుకొస్తున్న రోగుల్లో కొందరికి రక్తం తీయించి, కొందరికి కావాలనే తీయించకుండా ఉంచి, రెండు గుంపులనూ పోల్చి చూశానని రాశారు. రక్తం తీస్తేనే మంచిదని తేల్చుకున్నారు. నేటి వైద్యం ఆ తీర్పు ఒప్పుకోదు. కాని ఒక మందు పని చేస్తుందో లేదో తెలియాలంటే, అది తీసుకున్నవాళ్ళనూ తీసుకోనివాళ్ళనూ పక్కపక్కన పెట్టి చూడాలన్న ఆలోచన ఉందే, నేటి మందుల పరీక్షలన్నీ దాని మీదనే నడుస్తాయి.

గ్రీకు వైద్యుడు గాలెన్‌ను మన యునానీ వాళ్ళు జాలీనూస్ అంటారు. ఆ కాలంలో జాలీనూస్ మాటకు తిరుగు లేదు. రాజీ గారు ఆయనను ఉస్తాద్‌గా తలచారు, ఆయన వల్ల ఎంతో నేర్చుకున్నానని రాశారు. అదే చేత్తో "జాలీనూస్ మీద సందేహాలు" అని ఒక పుస్తకమూ రాశారు. జ్వరాలు జాలీనూస్ చెప్పినట్టే నడిచిన రోగులు ఎంతమందో, అట్లా నడవని రోగులూ అంతమంది బగ్దాదు, రై దవాఖానాల్లో తనకు కనబడ్డారన్నారు. ఉస్తాద్ మీద గౌరవం వేరు, కళ్ళముందున్న రోగి వేరు. రెండింటినీ ఆయన నిలుపుకున్నారు.

దేవిడీల్లో ఉండే అమీర్లకు పుస్తకాలు రాసినట్టే, డాక్టరు దొరకని బీదవాళ్ళ కోసం "హకీం దగ్గర లేనివాడికి" అనే అర్థం వచ్చే పేరుతో ఒక పుస్తకం రాశారు. పథ్యంతో పోయే జబ్బుకు మందు వద్దు, ఒక్క మూలికతో పోయేదానికి పది కలిపిన మందు వద్దు అన్నది ఆయన పద్ధతి. ఎంత గొప్ప హకీమైనా అన్ని జబ్బులూ నయం చేయలేడని ఒక వ్యాసం, చదువులేని వైద్యుల దగ్గరికి జనం ఎందుకు పరిగెత్తుతారని ఇంకో వ్యాసం రాశారు. పది మంది డాక్టర్ల చుట్టూ తిరిగేవాడు పది మంది పొరపాట్లూ నెత్తిన వేసుకుంటాడు, నమ్మకమైన ఒక్కరిని పట్టుకొమ్మన్నారు. ఈ మాట మన ఇళ్ళల్లో ఎందరికి పనికొస్తుందో నేను చెప్పనక్కర్లేదు.

ఈ రాతకు ఆయన చెల్లించిన ధర చిన్నది కాదు. ఒక పెద్ద వైద్య గ్రంథం మీద పదిహేనేళ్ళు రాత్రింబగళ్ళు పని చేశానని, ఒక్క ఏడాదిలో తావీజు రాసేంత సన్నని అక్షరాలతో 20,000కు పైగా పుటలు రాశానని, చూపు మందగించి, చేతి కండరం చెడి, ఇప్పుడు ఇతరుల చేత చదివించుకుని, రాయించుకుంటున్నానని స్వయంగా చెప్పుకున్నారు. చివరి రోజుల్లో కళ్ళు పూర్తిగా పోయాయి.

ఆయన పోయాక ఆ కాగితాల కట్టలు ఆయన అక్కచెల్లెళ్ళలో ఒకరి దగ్గర ఉండిపోయాయి. వజీరు ఇబ్న్ అల్ అమీద్ ఆమెకు సొమ్మిచ్చి తీసుకుని, రాజీ శిష్యులను పిలిపించి, వరసలో పెట్టించారు. అదే "కితాబుల్ హావీ". ఆ బీబీ పొయ్యిలో వేసి ఉంటే కథ అక్కడితో ముగిసేది. 1279లో సిసిలీ ద్వీపానికి చెందిన ఫరజ్ బిన్ సాలిమ్ అనే యూదు వైద్యుడు దాన్ని లాటిన్‌లోకి మార్చారు. 1486లో ఇటలీలోని బ్రెషియాలో అచ్చయింది. ఆయన రాసిన మరో పుస్తకం "మన్సూరీ"లో తొమ్మిదో భాగం తల నుంచి కాళ్ళ దాకా వచ్చే జబ్బుల మీద ఉంటుంది. యూరప్ విద్యాలయాల్లో ఎన్నో తరాల విద్యార్థులు దాన్ని పాఠంగా చదివారు.

మరి అసలు అరబ్బీ హావీ మొదట ఎక్కడ అచ్చయిందో తెలుసా? మన హైదరాబాదులో. 1888లో మొదలైన దాయిరతుల్ మఆరిఫ్ అనే సంస్థ, స్పెయిన్‌లోని ఎస్కోరియల్ గ్రంథాలయపు రాతప్రతినీ ఇతర ప్రతులనూ ఆధారం చేసుకుని 1955 నుంచి ఒక్కొక్క భాగంగా వేసి, మొత్తం 23 భాగాలు బయటికి తెచ్చింది. లాటిన్ అచ్చుకూ, మూలం అచ్చుకూ మధ్య 469 ఏళ్ళు. మన పెద్దలు ఆ పని పూర్తి చేశారు. ఇది చప్పట్లు కొట్టదగ్గ సంగతే.

అయితే చప్పట్లతో సరిపెట్టుకుంటే రాజీ గారికి మనం ఇచ్చింది ఏమీ లేదు. మన ఇళ్ళల్లో అమ్మీకి షుగరు, అబ్బాకు బీపీ ఉంటుంది. డాక్టరు ఎప్పటినుంచి అంటే ఒకరి మొహం ఒకరం చూసుకుంటాం. పాత చీటీ ఏదంటే పోయిందంటాం. సవాదా కొడుకు తన నడుం బరువు సంగతి చెప్పకపోతే అంతటి రాజీ గారికే మొదటిరోజు తేలలేదు. మన డాక్టరుకు మాత్రం ఎట్లా తేలుతుంది? ఒక్క నోటుబుక్కు పెట్టండి. ఇంట్లో ఎవరికి ఏ తేదీన ఏ జబ్బు వచ్చింది, ఏ మందు వాడారు, ఏది పడలేదు అని రాయండి. ఇంట్లో చదువుకునే పిల్ల ఉంటే ఆ పని ఆమెకు అప్పగించండి. రేపు డాక్టరు కావాలని ఆశపడే పిల్లలకు ఆయన బిరుదులు కంఠస్థం చేయించే ముందు, అబ్దుల్లా బిన్ సవాదా కేసు ఒక్కటి చదివి వినిపించండి.