చూడని పనిని చేతకాని పని అనుకున్నాం

మా పాప ఇంటర్ రెండో సంవత్సరం, ఎంపీసీ. మొన్న రాత్రి అన్నాలు తింటుంటే, "బాపూ, నేను మైనింగ్ ఇంజినీరింగ్ చదువుతా" అంది. మా ఆయన ఫస్ట్ షిఫ్టు చేసి అలసిపోయి ఉన్నారు. ముద్ద కలుపుతూనే, "బాయి పని ఆడపిల్లల పని కాదు బిడ్డా. దేవుడు మీ శరీరమే వేరేగ చేసిండు" అన్నారు. అత్తమ్మ కూడా, "బాయిల ఆడోళ్లు దిగుడు ఎన్నడన్న చూసినమా?" అన్నది.

పాప నా వైపు చూసింది. నేను పులుసు గిన్నె తెస్తానని లేచి వంటింట్లోకి వెళ్లిపోయాను. గిన్నె అప్పటికే వాళ్ల ముందే ఉంది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఎన్నడన్నా చూశామా? అత్తమ్మ అడిగిన ప్రశ్నకు జవాబు వెతుకుదామని నాలుగు రోజులు కూర్చుని చదివాను. చదివింది మీతో చెప్పుకోవాలనిపించింది.

బ్రిటన్ 1842లో ఒక చట్టం చేసి ఆడవాళ్లను భూగర్భ గనుల్లోంచి తీసేసింది. తీసేయడానికి చట్టం కావలసి వచ్చిందంటే అంతవరకూ దిగుతూనే ఉన్నారన్నమాట. మన దేశంలో కూడా ఝరియా, రాణీగంజ్ గనుల్లో వందేళ్ల కింద కుటుంబానికి కుటుంబమే దిగేది. మగవాడు బొగ్గు కొడితే, భార్య తట్టకెత్తుకుని మోసుకుపోయి టబ్బుల్లో నింపేది. పసిపిల్లల్ని కూడా వెంట తీసుకెళ్లేవాళ్లు.

1929లో బ్రిటిష్ ప్రభుత్వం నిబంధనలు తెచ్చి, భూగర్భంలో ఆడవాళ్ల సంఖ్యను ఏటేటా తగ్గించుకుంటూ వచ్చింది. 1935లో అంతర్జాతీయ కార్మిక సంస్థ కూడా ఆడవాళ్లకు భూగర్భ పని వద్దంది. 1937కల్లా పూర్తిగా ఆపేశారు.

తర్వాత రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. బొగ్గేమో ఎక్కువ కావాలి, మగ కూలీలేమో మిలిటరీ పనులకు వెళ్లిపోతున్నారు. 1943లో నిషేధం ఎత్తేశారు. అప్పుడు వైస్రాయ్ కౌన్సిల్లో కార్మిక శాఖ చూస్తున్నది డాక్టర్ అంబేద్కర్. ఇది తాత్కాలికమనీ, ఆడవాళ్లకు మగవాళ్లతో సమానంగా కూలి ఉంటుందనీ 1944లో ఆయన కేంద్ర శాసనసభలో చెప్పారు. యుద్ధం అయిపోయింది. 1946 ఫిబ్రవరిలో మళ్లీ నిషేధం.

ఇది చదివినప్పుడు నాకు నవ్వూ వచ్చింది, కోపమూ వచ్చింది. 1937లో పనికిరాని శరీరం 1943లో పనికొచ్చింది, 1946లో మళ్లీ పనికిరాకుండా పోయింది. ఇంతలోనే ఆడదాని ఎముకలు మారిపోతాయా?

అట్లాగని శరీరం తేడా అసలే లేదని నేననను. ఇద్దరు పిల్లల్ని కన్నదాన్ని. నిండు గర్భంతో తట్ట మోయడం అన్యాయమే, ఆ నిషేధం వెనుక మంచి ఉద్దేశం కూడా ఉంది. కానీ గర్భం ఏడాదిలోపు సంగతి, నిషేధం జీవితాంతం. 1941లోనే గనుల్లో పనిచేసే స్త్రీలకు ప్రసూతి సాయం చట్టం వచ్చింది. అంటే శరీరానికి తగ్గట్టు పనిని మార్చే దారి కూడా అప్పటికే ఉంది. కాన్పు ప్రకృతి పెట్టింది. కాన్పు పేరు చెప్పి బతుకంతా తలుపు వేయడం మనం చేసింది.

ఇక మన సంగతి. సింగరేణి కంపెనీ 1920లో ఏర్పడింది. అప్పుడు ఇది నిజాం రాజ్యం, ఆ బ్రిటిష్ ఉత్తర్వులు వేరే గడ్డవి. స్వాతంత్ర్యం తర్వాత 1952 గనుల చట్టం దేశమంతటికీ ఒకటే అయింది. ఆడవాళ్లు భూగర్భంలోకి దిగకూడదని, పైన కూడా ఉదయం 6 నుంచి రాత్రి 7 వరకే పని అని అందులో ఉండేది. మన గోదావరిఖని గనులు తెరుచుకునేసరికే ఈ చట్టం ఉంది. అందుకే ఇక్కడ మూడు తరాలు బాయి దిగే ఆడమనిషిని చూడలేదు. ఇంటాయన పోతే భార్యకో బిడ్డకో ఉద్యోగం వచ్చినా పైన పనే. అత్తమ్మ అబద్ధం చెప్పలేదు. చట్టం చూడనివ్వనిదాన్ని మనం దేవుడి ఏర్పాటు అనుకున్నాం.

2019 జనవరిలో కేంద్రం ఆ తలుపు కొంచెం తెరిచింది. సాంకేతిక, పర్యవేక్షణ, మేనేజర్ పనులకు ఆడవాళ్లు రాతపూర్వకంగా ఒప్పుకుంటే పగటిపూట భూగర్భంలోకి దిగవచ్చని అప్పుడు చెప్పింది. 2021లో జార్ఖండ్‌లోని చురీ భూగర్భ గనిలో ఆకాంక్ష కుమారి మైనింగ్ ఇంజినీరుగా చేరింది.

నిన్న రాత్రి ఇదంతా మా ఆయనకు చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "కప్పు కూలితే ఎట్లుంటదో నీకు తెల్వది. నా భయం అది" అన్నారు. ఆ భయం నాకు తెలుసు. ఇరవై రెండేళ్లుగా ఆయన షిఫ్టు దిగి వచ్చేదాకా గుమ్మం వైపు చూస్తున్నది నేనే కదా.

"మరి చిన్నోడు అడిగితే వద్దనేవాళ్లా?" అన్నాను.

జవాబు రాలేదు. పొద్దున డ్యూటీకి పోతూ మాత్రం పాపను పిలిచి, "సెంటినరీ కాలనీల మంథని జేఎన్‌టీయూ కాలేజి ఉన్నది కదా, అండ్ల మైనింగ్ ఉన్నదట, కనుక్కో" అన్నారు. అత్తమ్మ ఏమీ అనలేదు. నేను ఈసారి వంటింట్లోకి వెళ్లలేదు.